వెనక్కి తిప్పిన సీట్లు

మెక్సికోలోని హలాపా ఊరి మార్కెట్ దగ్గరి అద్దె సైకిళ్ల స్టాండులో పన్నెండు బళ్లుంటే, ఆ ఉదయం ఏడు బళ్ల సీట్లు వెనక్కి తిరిగి ఉన్నాయి.

సీటు వెనక్కి తిరిగి ఉందంటే బండి బాగాలేదని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ ముట్టుకోరు.

ఎనిమిదో సీటు తిప్పుతున్న ముసలాయన్ని మిరేయా పట్టుకుంది.

సైకిళ్ల సంస్థలో సభ్యుల సంఖ్య పెంచే పని ఆమెది. వేసవిలో చేరినవాళ్లు చలికాలపు తుంపర నెలల్లో మానేస్తే స్టాండు ఎత్తేస్తారు. ఆమె ఉద్యోగమూ దాంతోనే పోతుంది.

"పొద్దున్నే ఏం పని పెద్దాయనా ఇది?"

"వానకి బ్రేకులు సరిగా పట్టవమ్మా. కార్డు పెట్టి బండి బయటికి తీస్తాను, నాలుగడుగులు నడిపించి చూస్తాను. పట్టకపోతే సీటు తిప్పి పెట్టేస్తాను."

"మీరు మెకానిక్కా?"

"కాదు."

"పోనీ, రోజూ తొక్కుతారా?"

"నాకు సైకిల్ రాదమ్మా."

బళ్ల కోసం వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. పక్కనే మొక్కజొన్న పిండితో తమాలెలు వండి అమ్ముకునే తోమాసా ఊరుకోలేదు.

"మా ఆయనా అంతే తల్లీ. వంట రాదు గానీ, రోజూ ఉప్పు చూస్తాడు."

మిరేయా నవ్వలేదు.

"మీవల్ల జనం భయపడి బస్సెక్కుతున్నారు. మీ సభ్యత్వం రద్దు. కార్డు ఇటివ్వండి."

"ఈ తుంపర నెలలు గడిచేదాకా ఉంచండమ్మా."

"ఇవ్వండి."

ఆయన కార్డుని రెండు చేతులతో అందించాడు. దాని మీద ఎలిహియో అని పేరుంది.

సీట్లన్నీ ఆమే ముందుకి తిప్పింది. పావుగంటలో స్టాండు ఖాళీ అయింది. ఇంత తేలికా అనుకుంది.

నాలుగో రోజు మార్కెట్ కింది వాలులో ఒక కాలేజీ అమ్మాయి బ్రేకు పట్టక గోడకి గుద్దుకుంది. తుంటి విరిగింది. మర్నాటి నుంచి ఆ స్టాండు వైపు ఎవరూ రాలేదు.

మిరేయా కార్డు పట్టుకుని ఎలిహియో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన భార్య తలుపు తీసింది.

"ఆయనకి క్షమాపణ చెప్పుకోవాలమ్మా. మళ్లీ రమ్మని అడగాలి."

"ఆ పిల్ల పడిందని విన్నప్పట్నుంచి గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఇక పిలవకండి."

"అంత పట్టించుకునే మనిషని నాకు తెలీలేదు."

ఆవిడ తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది.

"రెండేళ్ల కిందట అదే వాలులో, మీ సైకిలుకి బ్రేకు పట్టక ఒక నర్సమ్మ బస్సు కింద పడి చనిపోయింది. గుర్తుందా?"

గుర్తుంది. తప్పంతా బస్సు డ్రైవర్‌దేనని పేపర్లకి ప్రకటన రాసింది మిరేయానే.

"కోర్టు మా ఆయన తప్పేం లేదంది," ఆవిడ గొంతు తగ్గించింది. "ఆయనే ఒప్పుకోలేదు. ఆ రోజు బస్సు దిగినవాడు మళ్లీ స్టీరింగ్ పట్టుకోలేదు."