నక్క సభలో డప్పు

అడవి ఎన్నికల్లో నక్క సభ పెడితే, ఎండుమాను మీద ముక్కుతో డప్పు వాయించింది వడ్రంగిపిట్టే. ఆ మోతలో నక్క చెప్పిందేదీ ఎవరికీ, వాయించే పిట్టకు కూడా, వినబడలేదు. నక్క గెలిచింది. గెలిచిన వారానికే, "దండగ ఖర్చు, సభలో చెప్పానుగా!" అంటూ పాడేవాళ్లకూ వాయించేవాళ్లకూ అడవి గాదె నుంచి ఏటా ఇచ్చే గింజలు ఆపేసింది. పిట్ట పిల్లలు వానాకాలమంతా పస్తులున్నాయి.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. నక్క ఇకిలిస్తూ వచ్చింది. "పిట్టమ్మా, నీ డప్పు లేందే సభ రక్తికట్టదు. బస్తాడు గింజలు పంపిస్తాలే."

పిట్టకు ఒళ్లు మండిపోయింది. "ఎవరి గింజలు నక్కబావా? గాదె ఏమైనా నీ అబ్బ సొత్తా? మా పిల్లలకైతే దండగ, నీ భజనకైతే దండగ కాదూ! నడువు ఇక్కణ్ణుంచి!"

మర్నాడు సభలో డప్పు మోగలేదు. నక్క ఏం మాట్లాడుతోందో అడవికి మొట్టమొదటిసారి వినబడింది. ప్రసంగం సగం కాకముందే మైదానం ఖాళీ అయింది.