రాజసభలో ఫ్యాను చప్పుడు

"కట్! మళ్లీ వచ్చింది!"

అద్దం అవతల సౌండు ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పడేశాడు. ఇవతల డబ్బింగ్ గదిలో మహారాణి సగం మాటలో ఆగిపోయింది. సేనాపతి, మంత్రిగారి భార్య, చెలికత్తె ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వీళ్లంతా టీవీ సీరియల్‌కి గొంతులిచ్చేవాళ్లు. తెరమీద కనిపించే మొహాలు వేరేవాళ్లవి.

"గుయ్‌మని సన్నగా వినిపిస్తోంది. అది చేతిఫ్యానే! రాజుల కాలంలో బ్యాటరీ ఫ్యానెక్కడిదండీ?" ఇంజనీరు దాదాపు ఏడ్చినంత పని చేశాడు.

రికార్డింగ్ జరిగినంతసేపూ ఏసీ ఆపేయాలి, తలుపు బిగించాలి. గట్టిగా ఊపిరి పీల్చినా పట్టేసే మైకు అది. అంతా తెలిసి కూడా ఎవరో సంచిలో ఫ్యాను దాచుకుని వేస్తున్నారు. వారం నుంచీ ఇదే భాగోతం.

చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో రాణక్కకు తెలుసు. తెలిసే నోరు మెదపలేదు. ఏళ్ల తరబడి రాణి పాత్రలకే గొంతిస్తోంది గనక అందరికీ ఆమె రాణక్క. ఆమె వయసెంతో స్టూడియోలో ఎవరికీ తెలీదు, గొంతు మాత్రం ముప్ఫై దాటనే లేదు. టేకులు పాడుచేస్తుందన్న పేరు ఒక్కసారి పడిందంటే ఈ పనిలో మళ్లీ పిలిచే దిక్కుండదు. దానికి వయసు మాట కూడా తోడైతే ఇక చెప్పేదేముంది!

స్టూడియో యజమాని తలుపు తోసుకుని వచ్చాడు, వెనకే ఇంజనీరూ.

"ఎవరా పని చేస్తోంది? మర్యాదగా చెప్పండి. లేదంటే సంచులు వెతికిస్తాను. దొరికినవాళ్లు మళ్లీ ఈ గడప తొక్కరు!"

అందరూ ఎవరి సంచి వాళ్లు దగ్గరికి లాక్కున్నారు. చెలికత్తె తలొంచుకుంది. సీరియల్ మొత్తంలో ఆమెకున్నది "చిత్తం మహారాణీ" అన్న మాటే గనక, గదిలో మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. ఇంజనీరు మొదటి సంచి కోసం చెయ్యి చాచాడు.

"ఆగు తమ్ముడూ. నేనే," అంది రాణక్క.

యజమాని నోరెళ్లబెట్టాడు. "మీరా! మీకిదేం పనండీ?"

"ముట్లుడిగే వయసు. ఆవిర్లొస్తున్నాయి."

యజమాని చెవులు ఎర్రబడ్డాయి. "అబ్బే... ఇలాంటివన్నీ అందరి ముందూ ఎందుకండీ..."

"ఎందుకేమిటి? ఈ మైకు ముందు రాజ్యాలు కూల్చినదాన్ని, ఈ ముక్క చెప్పడానికి సిగ్గా నాకు?" ఆ గొంతు రాణిదే. యజమాని తనకు తెలీకుండానే చేతులు కట్టుకున్నాడు. "ఉన్నట్టుండి గుండెల్లోంచి సెగ లేచి మొహానికెక్కుతుంది. జాకెట్టు తడిసిపోతుంది. రాత్రిళ్లు నిద్రుండదు. వచ్చిన డైలాగే నోటికి రాదు. ఎందుకో తెలీకుండా ఏడుపొస్తుంది. నెలసరి పూర్తిగా ఆగిపోవడానికి ముందూ వెనకా కొన్నేళ్లు ఇలాగే ఉంటుంది. కొందరికి నలభైలోనే మొదలవుతుంది. ఇది రోగం కాదు, పిచ్చి కాదు, పొగరు అంతకన్నా కాదు. తట్టుకోలేకపోతే మందులున్నాయి, డాక్టర్లున్నారు. కానీ నోరు తెరిచి చెప్పుకోనిస్తేగా!"

"అమ్మ బాబోయ్!" సేనాపతి నెత్తి కొట్టుకున్నాడు. "అందుకా మా ఆవిడ కిటికీలన్నీ తీసి విడిగా పడుకుంటోంది! నామీద అలిగిందనుకుని రెండు నెలల్నుంచీ కాళ్లావేళ్లా పడుతున్నాను!"

మంత్రిగారి భార్య పకపకా నవ్వింది. "నాకూ అంతేనక్కా. బుర్ర చెడిపోతోందేమోనని నాలో నేనే కుమిలిపోతున్నాను," అంటూనే కళ్లొత్తుకుంది.

యజమాని మనసులో లెక్కలు వేసుకున్నాడు. సీరియల్ సగంలో ఉంది. రాణి గొంతు మారిందంటే జనం టీవీలు కట్టేస్తారు.

"సరేనండీ, మీకోసం ప్రత్యేకంగా..."

"నాకొక్కదానికీ వద్దు. అడిగితే అందరికీ అడుగుతాను. ప్రతి సీనుకీ మధ్య తలుపు తీసి ఏసీ వెయ్యాలి. చల్లటి నీళ్లుండాలి. ఎవరైనా చెయ్యెత్తితే కారణం అడక్కుండా టేకు ఆపాలి. ఒంట్లో బాగోలేదని ఎవరి పనీ తియ్యకూడదు. సంచులు వెతకడమన్న మాట మళ్లీ వినిపించకూడదు."

"ఇంకేమన్నా ఉందా మహారాణీ?"

"ప్రస్తుతానికింతే."

"చిత్తం!" అన్నాడు యజమాని. గదంతా గొల్లున నవ్వింది.

ఏసీ వేసి గది చల్లబడ్డాక మళ్లీ మొదలుపెట్టారు. రాణి శత్రువును చెడామడా దులిపేసింది. సీను ఒక్క టేకులో అయిపోయింది. ఇంజనీరు అద్దం అవతల నిలబడి రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. రాణక్కకు ఒళ్లంతా తేలికైపోయింది. ఇంత గొప్ప సీను ఏ రచయితా తనకు రాసివ్వలేదని గర్వంగా అనుకుంది.

అందరూ టీకి వెళ్లాక చెలికత్తె వరండాలో రాణక్క చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో తన సంచిని గుండెకు హత్తుకుని కన్నీళ్లు కారుస్తోంది.

"ఛ, ఏడవకు. గొంతు బొంగురుపోతుంది." రాణక్క ఆమె చెంపలు తుడిచి, చుట్టూ ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "నాకా ఆవిర్లు తగ్గి ఏళ్లయిందే పిల్లా, నీకెప్పుడు మొదలయ్యాయి?"