కంచె తీగ మీద మాట

కంచె దగ్గర ఎవరో ఉన్నారు.

టోర్వాల్డ్ స్కార్ తుపాకీ అందుకుని బయటికొచ్చాడు.

మోకాలి లోతు మంచు. కంచె పక్కన ఒక కంచరగాడిద నిలబడి ఉంది. మగవాళ్ల కోటు తొడుక్కున్న ఒక పెద్దావిడ పటకారుతో ముళ్లతీగ లాగుతోంది.

కిందటి నెలలోనే ఎవరో ఈ కంచె తెంపి పశువుల్ని తోలుకుపోయారు.

"ఏయ్! తీగ వదులు!"

ఆమె వదల్లేదు. "తెగిపోయింది బాబూ. ముడేస్తున్నా."

"దొరికిన దొంగలంతా ఇదే చెప్తారు."

"దొంగతనానికి పట్టపగలు వస్తానా? ఈ కాళ్లతో పరిగెత్తలేను కూడా."

ఆమె నవ్వింది. అతను తుపాకీ దించలేదు.

"ఈ ఇంటికి కొత్తగా వచ్చినట్టున్నావు. నేను..."

"నువ్వెవరైతే నాకేంటి? కదులు ముందు."

"కదుల్తాలే. ఇంట్లో అందరూ బాగున్నారా?"

లోపల ఎంతమంది ఉన్నారో కూపీ లాగుతోందనుకున్నాడు టోర్వాల్డ్.

లోపలున్నది భార్య రాగ్న్‌హిల్డ్ ఒక్కతే. ఈ కంచె ముల్లే గీరుకుని ఆమె ఎడమచెయ్యి వాచిపోయింది. రెండ్రోజులుగా ఒళ్లు కాలిపోతోంది.

"దుక్కల్లా ఉన్నారు. నా తమ్ముళ్లు ముగ్గురు లోపలే ఉన్నారు. ముగ్గురి దగ్గరా తుపాకులున్నాయి. పిలవమంటావా?"

"వద్దులే, బాగుంటే చాలు."

ముడి బిగించింది. కంచరగాడిదనెక్కి కొండలవైపు సాగిపోయింది.

"ఎవరది?" మంచం మీంచి అడిగింది రాగ్న్‌హిల్డ్.

"ఎవరో దిమ్మరి. తరిమేశాను."

"ఫోను ఇంకా పలకలేదా?"

పలకలేదు. ఆ లోయకి టెలిఫోన్ కంపెనీ ఎన్నడూ రాలేదు. పశువుల కంచెలన్నిటినీ ఒకదానికొకటి కలిపి, ఇంటికో ఫోను డబ్బా తగిలించి, ముళ్లతీగ మీదే మాట్లాడుకునేవారు. ఆ ఆలోచన డాక్టరుగారిదని అంతా చెప్పుకునేవారు. ఇంటితోపాటు ఆ డబ్బా కూడా టోర్వాల్డ్‌కి వచ్చింది. మంచు తుపాను పడ్డప్పటి నుంచీ అది మూగబోయి ఉంది.

మధ్యాహ్నం అది గణగణా మోగింది.

టోర్వాల్డ్ ఒక్క గెంతులో అందుకున్నాడు.

"స్కార్! బతికే ఉన్నావా? మీ వైపు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే మంచులో గడ్డకట్టారనుకున్నాం!" ఊళ్లో దుకాణం నడిపే అడీలియా గొంతు. అందరి ఫోనులూ కలిపేది ఆమే.

తీగ ఎలా బాగయిందో అడిగే తీరిక అతనికి లేదు.

"డాక్టర్ కావాలి. రాగ్న్‌హిల్డ్ చెయ్యి నల్లబడుతోంది."

అవతల నవ్వు ఆగిపోయింది.

"డాక్టరుగారు ఊళ్లో లేరయ్యా. పొద్దున్నే బయల్దేరారు. ఇంటింటికీ మోగించి వెతుకుతా. నువ్వు ఇల్లు కదలకు."

కదలకుండా ఉండటం అతని వల్ల కాలేదు. డాక్టరు ఎక్కడున్నా ఊరి వైపు నుంచే వస్తారనుకున్నాడు, మంచులో ఏరు దాటే చోటు కనిపించదు. తనే ఎదురెళ్లి తీసుకురావాలి.

"వెళ్లు. నాకేం కాదు" అంది రాగ్న్‌హిల్డ్.

పొయ్యిలో నిండా కట్టెలు పేర్చి, మంచం పక్కన నీళ్లు పెట్టి, గుర్రమెక్కి బయల్దేరాడు.

ఏటి ఒడ్డుకి చేరేసరికి మళ్లీ తుపాను విరుచుకుపడింది. గుర్రంతో సహా ఒక పాత పశువుల పాకలో దూరాడు. తెల్లారేదాకా ఆ దారిన ఎవరూ రాలేదు.

"డాక్టరుకి వెచ్చటి పక్క వదలబుద్ధి కాలేదు కాబోలు" అని తిట్టుకుంటూ ఇంటికి మళ్లాడు.

తలుపు తీశాడు. గదంతా మందు వాసన.

రాగ్న్‌హిల్డ్ కళ్లు తెరిచే ఉంది. జ్వరం తగ్గింది. ఎడమచెయ్యి మాత్రం మోచేతి దగ్గరే ఆగిపోయింది. ఆ చివర తెల్లటి కట్టు.

టోర్వాల్డ్ మంచం పక్కన కూర్చున్నాడు.

"డాక్టరుగారు కొండల అవతల ఎవరింట్లోనో ఉండగా అడీలియా ఫోను అందిందట" అంది ఆమె నీరసంగా. "తుపానులో పడి వచ్చారు. ప్రాణానికి భయం లేదన్నారు. నిన్న పొద్దున చూసి ఉంటే చెయ్యి కూడా దక్కేదట."

"ఏరీ ఆయన?"

"పక్కగదిలో కునుకు తీస్తున్నారు. నువ్వు రాగానే ఒక మాట అడగమన్నారు."

"ఏమని?"

"నీ ముగ్గురు తమ్ముళ్లూ ఎక్కడున్నారని."