పరీక్షకిచ్చిన క్యారెట్లు

“ఫెయిలయ్యాయి పెద్దాయనా,” అంది పంట పరీక్షల మేడమ్, వాకిట్లో చెప్పులు విడుస్తూనే.

కొడవలి నూరుతున్న రైతు చెయ్యి ఆగిపోయింది.

“మీ క్యారెట్లలో సీసం హద్దు దాటిపోయింది. పసివాళ్ళ మెదడు ఎదగనివ్వని విషమది. ఆ బ్యాటరీల ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళయినా దాని మసి ఇంకా మీ నేలల్లోనే ఉంది. చేనంతా దున్నేయక తప్పదు.”

రైతు భార్య గోడకి జారగిలబడింది. పంట తవ్వకానికొచ్చి ఉంది. ఇంటిల్లిపాదికీ ఏడాది బతుకు అదే.

“నాకర్థం కానిది ఒకటుంది,” అంది మేడమ్. “ఎరువులు వేశారా అసలు?”

“భలే అడిగావు తల్లీ!” అంది భార్య. “ఎరువు దగ్గర ఈయన చేతికి ఎముకుండదు. బండ్లకొద్దీ పేడ, సున్నం, భాస్వరం బస్తాలు. నేను కూరలో చెంచాడు నూనె ఎక్కువేస్తే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తాడు.”

“అవన్నీ పడితే సీసం మట్టినే పట్టుకుని ఉంటుందమ్మా. దుంపలోకి ఇంత ఎక్కదు. ఇవి చూస్తే ఎరువు మొహం ఎరగని నేలలో పెరిగినట్టున్నాయి. మీరే తవ్వి తెచ్చిచ్చారు కదా పెద్దాయనా?”

రైతు తలూపాడు.

వంటింటి గడప మీద కోడలు పాపకి ఉడికించిన క్యారెట్ మెదిపి కలిపిన అన్నం పెడుతోంది. మూడేళ్ళు నిండబోతున్న పిల్ల.

“నీ పేరేంటి బంగారం?” అంది మేడమ్.

పాప చూసింది. పలకలేదు.

“దీనికింకా మాటలు రాలేదండీ,” అని నవ్వింది కోడలు. “వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయట.”

మేడమ్ సంచీ సర్దుకుంది. “బాధపడకండి పెద్దాయనా. పంట గడప దాటకముందే తెలిసింది. ఎవరి కడుపులోకీ పోలేదు, అది నయం.”

రైతు ఒక్క ఉదుటున లేచాడు. కొడవలి ఎక్కడ పడిందో చూసుకోలేదు. గడప దగ్గరికి పోయి కోడలి చేతిలోని గిన్నెని విసిరికొట్టాడు. గిన్నె గింగిరాలు తిరుగుతూ పోయి మంచం కిందికి దూరింది. పాప గుక్కపట్టింది.

“మామయ్యా!” అంది కోడలు బిత్తరపోయి.

“మతిగాని పోయిందా నీకు?” భార్య అడ్డంగా వచ్చింది. “అవి చేలోవి కావయ్యా! పాప కోసమని పిడికెడు ఎరువు కూడా తగలనీయకుండా పెరట్లో నువ్వు వేసినవే!”

“పాసవుతాయని పరీక్షకిచ్చింది కూడా ఆ పెరట్లోవేనే,” అన్నాడు రైతు.