పసుపు గింజ

“ఇదంతా మాగ్మా చేసిన పని సార్!” అంది కోడలు, తెర మీద రాయి బొమ్మ చూపిస్తూ.

“చూశావా, ఇక్కడా వాళ్లమ్మే!” అంది వెనక వరుసలో అత్తగారు, పక్కనున్న కొడుకుతో. ఆవిడ గుసగుసలాడాననే అనుకుంది. ముప్పై ఏళ్లు రాళ్లు కోసే మిషను పక్కన పనిచేసిన చెవులకు సొంత గొంతు కొలత తెలియదు. హాలంతా వెనక్కి తిరిగింది.

కోడలు తెర వైపే తిరిగి నిలబడింది. ఐదేళ్ల చదువు ఈ గంటలో తేలిపోవాలి. ఎదురుగా కూర్చున్న పరీక్షకుడు సంతకం పెడితే డాక్టరేట్. పెట్టకపోతే, రాయి గురించి మళ్లీ మొదటినుంచి రాయి!

“కిందినుంచి తన్నుకొచ్చి, మధ్యదారిలో ఆగి, నెమ్మదిగా చల్లబడి గట్టిపడింది సార్.”

“మీ పెళ్లిలోనూ వాళ్లమ్మ అంతేరా. చల్లబడటానికి మూడు రోజులు పట్టింది.”

“అబ్బా, ఊరుకోమ్మా!” అన్నాడు కొడుకు.

పరీక్షకుడు నవ్వలేదు. భూగర్భశాస్త్రంలో ఆయన పెద్ద తలకాయ. రెండు ఖండాలు గుద్దుకుని కొండలు లేచాయన్నది ఆయనకూ కోడలికీ సమ్మతమే. ఖండాలు వియ్యమందాక లోపల ఏం జరిగిందన్నదే పేచీ. అడుగునున్న రాయి కరిగి, పైకొచ్చి గ్రానైట్ అయిందని ఆమె అంటుంది. మధ్యలో నలిగిన పాత మట్టి పొరలే కరక్కుండా ఉడికి గ్రానైట్ అయ్యాయని ఆయన అంటాడు. రాయి కరగలేదంటాడు, తనూ కరగడు.

“ఏమ్మా, ఇలా వచ్చి చూడు,” అంటూ ఆయన మైక్రోస్కోప్ లోంచి తలెత్తాడు. “నీ స్లైడే. ఈ గింజ ఏ రంగు?”

“ప... పసుపు సార్.”

“క్వార్ట్జ్ అని రాశావు. క్వార్ట్జ్ ఇందులో బూడిద రంగులో కనబడాలి. ఇది మట్టి ఉడికితే పుట్టే ఖనిజం. ముప్పై ఏళ్లుగా నేను మొత్తుకుంటున్నది ఇదే. నీ రాయే నీ మీద సాక్ష్యం చెబుతోంది, ఇక నేనేం చెప్పను?”

థీసిస్ మూసేశాడు. ఆమె గైడు గోడగడియారం వంక చూస్తూ కూర్చున్నాడు. రాయి కరిగిందో లేదో గానీ, కోడలి కళ్లకు పెట్టిన కాటుక మాత్రం కరిగింది.

అత్తగారు లేచి ముందుకొచ్చింది. “ఏమంటున్నారమ్మాయ్?”

“గింజ పసుపుగా ఉందట అత్తయ్యా!” చెవిలో అరిచింది కోడలు.

“ఏదీ?” ఆవిడ మైక్రోస్కోప్‌కి కన్ను ఆనించి, అంతలోనే తీసేసింది. “దళసరిగా ఉందే ఇది! ఎవరు చేశారు?”

“కొత్త మిషను...”

“నేను చేసిపెడతానంటే విన్నావా? ‘బటను నొక్కితే చాలు అత్తయ్యా’ అన్నావు. నొక్కావుగా!”

ఆవిడ వేరే యూనివర్సిటీలో రాళ్లు పల్చగా కోసి, అరగదీసి, స్లైడ్లు చేసి రిటైరైన మనిషి. గాజు మీద రాయి వెంట్రుక మందంలో సగం కూడా ఉండకూడదు. ఏమాత్రం దళసరి మిగిలినా క్వార్ట్జ్ బూడిద రంగు పోయి పసుపుగా కనబడుతుంది. ఈ సంగతి మొదటి ఏడాదే చెబుతారు. తమ స్లైడ్లు ఇంకొకరి చేత చేయించుకునేవాళ్లు రెండో ఏడాదికల్లా మర్చిపోతారు.

పక్క ల్యాబులో గాజుపలక మీద రాపిడి పొడి చల్లి, నీళ్లు చిలకరించి, రెండు వేళ్లతో స్లైడును గుండ్రంగా తిప్పుతూ ఆవిడ పది నిమిషాలు రుద్దింది. కడిగి, తుడిచి, మైక్రోస్కోప్ కింద పెట్టింది.

పరీక్షకుడు చూశాడు. గైడు చూశాడు. కోడలు చూసింది. బూడిద రంగు.

“అయితే ఇది మాగ్మాయేనంటారు!” అన్నాడు పరీక్షకుడు విసుగ్గా.

“వాళ్లమ్మ ఊసు నాకెందుకు బాబూ? నేను రాయి సంగతి చెప్పాను.”

“మా అమ్మ కాదత్తయ్యా, మాగ్మా! భూమి లోపల కరిగిన రాయి!”

“మాగ్మానా? ఆ మాట ముందే చెప్పొద్దూ! ఇందాకట్నుంచీ మీ అమ్మ మీద ఉడికిపోతున్నాను, కరక్కుండా.”

హాలంతా గొల్లుమంది, పరీక్షకుడు తప్ప. గైడు ఇదే అదనని సంతకాల కాగితం ఆయన ముందుకు జరిపాడు. ఆయన వెనక్కి నెట్టాడు.

“ఒక్క స్లైడుకి నా సిద్ధాంతం కూలిపోతుందా? నా థీసిస్‌లో నూట పన్నెండు స్లైడ్లు! అన్నిట్లోనూ పసుపు గింజలే!”

“ఎన్నిట?” అంది అత్తగారు.

“నూట పన్నెండు అత్తయ్యా! వంద మీద పన్నెండు!”

అత్తగారు కళ్లజోడు సర్దుకుని ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఆవిడ ముఖం విప్పారింది.

“ఓరి తొందరబాబూ, నువ్వా! జుట్టు పోయేసరికి పోల్చుకోలేదు. నూట పన్నెండూ రేపటికే కావాలని మా గుమ్మంలో కూర్చుని, సగం అరగదీసినవే పట్టుకుపోయావు. మిగతా సగం తర్వాత అరగదీయించుకుంటానన్నావు, ముప్పై ఏళ్లయింది, ఇంకా తేలేదేం నాయనా?”