చెయ్యి పట్టుకున్నవాడు

"ఎవడు వాడు?"

కుర్చీ చూపించినా కూర్చోకుండా అడిగాడు వెంకటకృష్ణయ్య. ఆడపిల్లల హైస్కూల్లో ఆ చిన్న గదిలో ఆయన కూతురు సుబ్బులు గోడవారగా తలవంచుకుని నిలబడి ఉంది. బల్ల అవతల సరోజగారు. వాల్తేరు యూనివర్సిటీ నుంచి వచ్చి, పదో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి ప్రశ్నలు వేస్తున్నది ఆవిడే. భుజం మీద ఎవరు చెయ్యి వేస్తే బాగుంటుంది, ఎవరు తాకితే చిరాకు, దిగులుగా ఉంటే ఎవరు దగ్గరికి తీసుకుంటారు, ఇలాంటివి.

సుబ్బులు చెప్పిన జవాబు తలుపు దగ్గరున్న పిల్ల చెవిన పడింది. మధ్యాహ్నానికల్లా రేపల్లె బజారుకెక్కింది. పప్పుల కొట్టు వెంకటకృష్ణయ్య కూతురి చెయ్యి ఎవడో పట్టుకుంటాడట. ఆ రోజంతా ఆ పిల్లకు దిగులే ఉండదట.

సరుకులో పురుగు పడితే ఏ బస్తాలో పడిందో విప్పి చూసుకోవచ్చు. బడికి వచ్చే దారి పొడుగునా ఆయన గుమాస్తా మొదలుకుని ట్యూషన్ మేష్టారి దాకా తెలిసిన మగవాళ్లందరినీ అలాగే విప్పి చూసుకున్నాడు. అనుమానం ఎవరి మీదా నిలవలేదు. భయం ఇంకా పెరిగింది. వాడు దొరికినా దొరక్కపోయినా ఒకటి మాత్రం ఖాయం చేసుకున్నాడు. రేపే పిల్లను చదువు మాన్పించి, చెరుకుపల్లిలో పిన్ని ఇంట్లో దింపేయాలి.

సరోజగారు సర్దిచెప్పబోయింది. ఈ వయసు పిల్లలకు ఆప్యాయంగా తాకేవాళ్లు ఉన్నారా, దానివల్ల మనసు ఎంత కుదుటగా ఉంటోంది, అది కొలవడమే తన పని అంది.

"మా కొట్లోనూ కాటా ఉందమ్మా. పరువు తూచే రాళ్లు మాత్రం నాకెక్కడా దొరకలేదు" అని ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఎక్కడ కలుస్తాడే?"

"మన అరుగు మీదే నాన్నా."

రాత్రిపూటా అని అడిగాడు. పట్టపగలేనంది. ఎవరూ చూడరా అంటే, అత్తయ్య దగ్గరే కూర్చుని ఉంటుందంది.

సొంత చెల్లెలు. తల్లి లేని పిల్లను ఆవిడ చేతుల్లో పెట్టే ఆయన పొద్దస్తమానం కొట్లో నిశ్చింతగా కూర్చుంటున్నాడు. ఇందాక వద్దన్న కుర్చీలోనే కూర్చున్నాడు.

"ఆయన్నేమీ అనొద్దు నాన్నా. ముసలాయన."

"ముసలాడా?"

సుబ్బులు తలూపింది. కళ్లనిండా నీళ్లు. వెంకటకృష్ణయ్య ముందుకు వంగాడు.

"పేరు చెప్పు."

"గాజులు తొడిగే సింగరయ్య తాత నాన్నా. చెయ్యి పట్టుకుని, నొప్పెడుతోందా తల్లీ అని అడిగేది ఆయనొక్కడే."