పటంలో లేనివాళ్లు

"ఒక్క ముక్కలో చెప్పమ్మా. మీ విభాగం ఎత్తేస్తే నాకేం నష్టం?" అన్నాడు డైరెక్టర్.

కంపెనీ సాఫ్ట్‌వేర్ల లెక్క చూసే ఆ విభాగంలో పనిచేసే కొత్త పెళ్లికూతురు ఉత్సాహంగా గోడమీది పటం చూపించింది. కంపెనీలో ఎవరు ఏ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారో, ఏది దేనిమీద ఆధారపడిందో అంతా అందులో ఉంది. ఆదివారమంతా భర్తతో కలిసి నేలమీద బోర్లా పడుకుని, కిలకిలా నవ్వుకుంటూ రంగులు వేసిన పటం అది.

"అమ్మకాలవాళ్లూ గోడౌనువాళ్లూ ఒకే పనికి రెండు సాఫ్ట్‌వేర్లు కొనబోతుంటే పోయినేడు మేమే ఆపాం సార్."

"ఆగిపోయింది కంటికి కనిపించదు కదమ్మా. సరే, ఇందులో మీరెక్కడ?"

ఆమె పటమంతా వెతికింది. అందరూ బాబాయ్ అని పిలిచే ఆమె పైఅధికారి గొంతు సవరించుకున్నాడు.

"గీసేది మేమే కదా సార్. మమ్మల్ని వేసుకోవడం తట్టలేదు."

"ఇప్పుడు వెయ్యండి. మీరు లేకపోతే ఎవరి పని ఆగుతుందో అక్కడికి గీత లాగండి."

ఆమె ఒక గడి గీసి, అమ్మకాల వైపు గీత లాగబోయింది.

"మా మీదకి రాకు తల్లీ!" అన్నాడు అమ్మకాల మేనేజర్. "మీరు ఆపిందే మొన్న కొనేశాం. మిమ్మల్ని అడిగామా?"

గదంతా నవ్వింది. బాబాయ్ మాత్రం లేచి నిలబడ్డాడు.

"కొనేశారా? అయితే ఈ పటం అప్పుడే తప్పయిపోయింది సార్. రోజూ దిద్దేవాళ్లు ఉండాలి."

ఆమె చివ్వున తలెత్తింది. డైరెక్టర్ అడిగిన ఆ ఒక్క ముక్క ఇదే!

డైరెక్టర్ అప్పటికే కుర్చీ వెనక్కి జరిపాడు. "వేరే ఉద్యోగం చూసుకోడానికి మీ ఇద్దరికీ నెలాఖరు దాకా టైముంది. పటం మాత్రం బ్రహ్మాండంగా ఉందమ్మా. అద్దం కట్టించి నా గదిలో పెట్టించు."